స్టేషన్‌లో ఒక ఫౌజీ ఉంటే



తార్నాక అనగానే మనలో చాలామందికి చదువులే గుర్తొస్తాయి. ఒక పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాన్ని ఆనుకుని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, జాతీయ పోషకాహార సంస్థ. హబ్సిగూడ వైపు నాలుగడుగులు వేస్తే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. అదే చౌరస్తా నుంచి మెట్టుగూడ మీదుగానో, లాలాపేట మీదుగానో ఉత్తరానికి వెళ్ళండి. ఊరి తీరే మారిపోతుంది. సికింద్రాబాద్ కంటోన్మెంటు, తిరుమలగిరి మిలటరీ ఆసుపత్రి, ఈఎంఈ సెంటర్, ఏఓసీ సెంటర్, ఇంకాస్త ముందుకు పోతే మాజీ సైనికులు ఇళ్ళు కట్టుకున్న సైనిక్‌పురి. చదువుల ఊరికీ ఫౌజుల ఊరికీ నడుమ ఉన్నది తార్నాక. అందుకే ఇక్కడి గల్లీల్లో గేటు మీద పేరుతో పాటు సుబేదార్ అనో, హవల్దార్ అనో రాసి, పక్కన రిటైర్డ్ అని చేర్చిన పలకలు కనబడతాయి. ఆ ఇంటాయన్ని వాడలో అందరూ ఇష్టపడతారు. కారణం దేశభక్తి ఒక్కటే అనుకోకండి, మిలటరీ క్యాంటీన్ కార్డు కూడా.

ఈ రోజు నేను మాట్లాడేది ఆ ఇళ్ళ గురించి, వాటికి దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్ల గురించి. ముఖ్యంగా ఆ స్టేషన్లలో అక్కడక్కడా కనిపించే ఒక రకం మనిషి గురించి. పదిహేనో పదిహేడో ఏళ్ళు సైన్యంలో చేసి, ఆలివ్ గ్రీన్ బట్టలు పెట్టెలో పెట్టి, ఖాకీ తొడుక్కున్న మనిషి.

అతను పోలీసుల్లోకి ఎలా వస్తాడో ముందు చెప్పాలి. ఉస్మానియా గ్రౌండ్‌కి తెల్లవారుజామున వెళ్తే తెలుస్తుంది. 1939లో పూర్తయిన ఆ ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం ఇంకా చీకట్లోనే ఉంటుంది, కుర్రవాళ్ళు మాత్రం అప్పటికే పరుగులో ఉంటారు. కొందరు ఆర్మీకి, కొందరు కానిస్టేబుల్‌కి, కొందరు ఏది ముందు వస్తే దానికి. వాళ్ళ మధ్య అప్పుడప్పుడు నలభై దగ్గర పడ్డ మనిషి ఒకడు కనిపిస్తాడు. జుట్టు పొట్టిగా, నడుం నిటారుగా. అతని పరుగు లెక్క వేరు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో 1600 మీటర్లకు మామూలు అభ్యర్థికి ఇచ్చింది 7 నిమిషాల 15 సెకన్లు, మాజీ సైనికుడికి 9 నిమిషాల 30 సెకన్లు. లాంగ్ జంప్ మిగతా మగవాళ్ళకు నాలుగు మీటర్లయితే ఇతనికి మూడున్నర. వయసు లెక్కలో ఇతను సైన్యంలో చేసిన సర్వీసంతా తీసేసి, మరో మూడేళ్ళు కూడా సడలిస్తారు. ఆ పైన కోటా ఉంది. అలా వస్తాడు.

ఎందుకు రావలసి వస్తుందంటారా? జవానుకి పెన్షన్ రావాలంటే కనీసం 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళకు చేరినవాడు ముప్పై అయిదు, నలభై మధ్యలో ఇంటికొచ్చేస్తాడు. మన త్రివిధ దళాల నుంచి ఏటా సుమారు 60 వేల మంది ఇలా బయటికొస్తున్నారు. పిల్లలు హైస్కూల్లో ఉంటారు, ఇల్లు సగం కట్టి ఉంటుంది, పెన్షన్ సగం జీతమే. బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని నిలబడే గార్డు ఉద్యోగమా, అపార్ట్‌మెంటు సెక్యూరిటీయా, మరో ప్రభుత్వ కొలువా? పోలీసు ఉద్యోగం దొరికితే అదృష్టవంతుడి కిందే లెక్క. దొరికాక మాత్రం ఒక చేదు మింగాలి. నిన్నటి దాకా పది మంది జవాన్లను నడిపిన హవల్దారు, ఇవాళ ఇరవై అయిదేళ్ళ ఎస్సైకి సెల్యూట్ కొట్టే కొత్త కానిస్టేబుల్. చాలామంది దాన్ని నవ్వుతూనే మింగుతారు. సైన్యంలో భుజం మీద ఉన్నదానికే సెల్యూట్ గానీ వయసుకు కాదని వాళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఈ దారిలో వచ్చినవాళ్ళలో దేశమంతా ఎరిగిన పేరు తుకారాం ఓంబ్లే. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో నాయక్‌గా పనిచేసి, తర్వాత ముంబయి పోలీసుల్లో చేరాడు. 2008 నవంబరు 26 రాత్రి గిర్గాం చౌపాటీ దగ్గర చేతిలో లాఠీ తప్ప ఏమీ లేకుండా ఉగ్రవాది కసబ్ తుపాకీ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. తూటాలన్నీ తన ఒంట్లోకే తీసుకున్నాడు. కసబ్ ప్రాణాలతో దొరికాడంటే ఆ పట్టే కారణం. మరుసటి ఏడాది అశోక చక్ర ప్రకటించారు. అధికారుల స్థాయిలోనూ ఈ దారి పాతదే. 1962 చైనా యుద్ధం తర్వాత హడావుడిగా కమిషన్ ఇచ్చి తీసుకున్న యువ అధికారులు విడుదలై వచ్చినప్పుడు, వాళ్ళకోసం ఐఏఎస్, ఐపీఎస్‌లలో ఖాళీలు ప్రత్యేకించి ఉంచారు.

అయితే ఓంబ్లే కథ చెప్పి, క్రమశిక్షణ, ధైర్యం అని రెండు మాటలు కలిపి ఆపేస్తే ఈ ప్రసంగం అక్కర్లేదు. ఆ మాటలు ప్రతి సన్మాన సభలోనూ వింటున్నాం. నా అభిప్రాయం వేరు. క్రమశిక్షణ ఒక్కటే మంచి పోలీసును చెయ్యదు, ముఖ్యంగా యూనివర్సిటీ గేటు దగ్గర.

ఉస్మానియా చరిత్ర తెలిసినవాళ్ళకు ఈ మాట వివరించక్కర్లేదు. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని బహిష్కరించిన చోటు ఇది. ఆ బహిష్కృతుల్లో పి.వి. నరసింహారావు కూడా ఉన్నారు. 1969లో తెలంగాణ ఉద్యమం భగ్గుమన్నది ఇక్కడే. 2009 చివరి నుంచి నెలల తరబడి ఈ క్యాంపస్ చుట్టూ ముళ్ళకంచెలు, లాఠీలు, బాష్పవాయువు. 2010 ఫిబ్రవరి 20న సిరిపురం యాదయ్య ప్రత్యేక తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నది క్యాంపస్ ఎన్‌సీసీ గేటు దగ్గర. ఇలాంటి చోట ఉద్యోగం చెయ్యడానికి వచ్చిన మాజీ జవాను ముందుగా కొన్ని పాఠాలు మరిచిపోవాలి. సైన్యంలో ఎదురుగా ఉన్నవాడు శత్రువు. ఇక్కడ ఎదురుగా ఉన్నది రేపు తన కొడుకు క్లాసులో కూర్చునే పిల్లవాడు. అక్కడ ఆర్డర్ వస్తే ఎందుకని అడగరు. ఇక్కడ ప్రతి పిల్లా, పిల్లవాడూ ఎందుకనే అడుగుతారు, అడగడం నేర్పడానికే యూనివర్సిటీ ఉన్నది. ఆ ప్రశ్నను ఎదిరింపుగా తీసుకునే మాజీ సైనికుణ్ణి క్యాంపస్‌లో వేస్తే ఒక్క సాయంత్రం చాలు, గొడవ మొదలవడానికి. తీసుకోనివాడైతే, అసలు యుద్ధం చూసొచ్చినవాడు గనక రాయి పడగానే కంగారుపడడు. అంచేత మాజీ సైనికుణ్ణి తీసుకుంటే చాలు, స్టేషన్ బాగుపడుతుందని నేను చెప్పను. ఎక్కడ వెయ్యాలో తెలిసి వేస్తేనే.

ఎక్కడ వెయ్యాలి? స్టేషన్ లోపల, అర్జీలు తీసుకునే బల్ల దగ్గర. నేను చెప్పదలుచుకున్నది అంతా ఈ ఒక్క మాటే. ఎందుకో చెబుతాను.

ఒక ఆమె సంగతి అనుకోండి. నిజానికి ఇది ఒకరి సంగతి కాదు, పది ఇళ్ళల్లో విన్నదాన్ని ఒకరికి అంటగట్టి చెబుతున్నాను. లాలాపేట వైపు ఒక గదిలో ఉంటుంది. భర్త హవల్దారుగా రిటైరై, పన్నెండేళ్ళు పెన్షన్ తీసుకుని గుండెపోటుతో పోయాడు. యుద్ధంలో పోలేదు కాబట్టి పేపర్లో ఫోటో లేదు, మంత్రి రాలేదు. ఆమెకు కుటుంబ పెన్షన్ రావాలి, ఆఖరు జీతంలో కనీసం 30 శాతం. నెలలు గడిచాయి, రాలేదు. ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకుని ముందు బ్యాంకుకి పోయింది, తర్వాత మీసేవకి, చివరికి ఎవరో చెబితే స్టేషన్‌కి వచ్చింది, డెత్ సర్టిఫికెట్ పోయిందని కంప్లయింట్ ఇవ్వడానికి. మామూలుగా అయితే ఒక కానిస్టేబుల్ ఆ పోయిన కాగితం గురించి రాసుకుని పంపించేస్తాడు. బల్ల దగ్గర ఫౌజీ ఉన్నాడనుకోండి.

"అమ్మా, మీ ఆయన ఏ రెజిమెంటు?"

"తెల్వదు బిడ్డా. గోల్కొండల ట్రైనింగ్ అన్నడు ఎప్పుడో."

గోల్కొండ అంటే ఆర్టిలరీ సెంటర్. అతనికి వెంటనే అర్థమైపోతుంది, కాగితాలుండేది మాత్రం గోల్కొండలో కాదు, నాసిక్ రోడ్‌లోని ఆర్టిలరీ రికార్డ్ ఆఫీసులో. ఈఎంఈ, ఏఓసీ వాళ్ళవైతే సికింద్రాబాద్‌లోనే. సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంటు అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లయితే బెంగళూరు. ఏ తలుపు తట్టాలో తెలియక ఆమె ఊరంతా తిరిగింది. అతను డిస్చార్జ్ బుక్ తెరిచి భార్య పేరు చూస్తాడు. అక్కడ లచ్చవ్వ అని ఉంది. ఆధార్‌లో లక్ష్మి. బ్యాంకులో ఇంటిపేరు ముందు, పుస్తకంలో ఇంటిపేరు వెనక, ఒక చోట పొడి అక్షరం. పుట్టిన తేదీ ఒక్కో చోట ఒక్కోటి. మన తెలుగువాళ్ళ పేర్లతో సైన్యం గుమస్తాలు పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క పేజీలో ఉంటాయి.

సైన్యంలో పెళ్ళయినా, బిడ్డ పుట్టినా పార్ట్ టూ ఆర్డర్ అనేది వెలువడాలి. అది పడితేనే భార్య భార్యగా, బిడ్డ బిడ్డగా రికార్డులో ఉంటారు. జవాను ముప్పై ఏళ్ళ కింద సెలవులో వచ్చి పెళ్ళి చేసుకుని, తిరిగి వెళ్ళి పార్ట్ టూ వేయించుకోకపోతే, లేదా తప్పు పేరుతో వేయిస్తే, ఆ లెక్క అతను పోయాక ఆమె నెత్తిన పడుతుంది. ఈ సంగతి బయటివాళ్ళకు ఎవరికి తెలుసు? ఎంత మంచి ఎస్సైకైనా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆ ఫౌజీకి తెలుసు. తన భార్య పేరు కోసం తనూ ఒకనాడు యూనిట్ క్లర్కు చుట్టూ తిరిగి ఉంటాడు. అతను చెయ్యగలిగింది కూడా పెద్దదేం కాదు. ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ రాయించమని చెబుతాడు. జిల్లా సైనిక సంక్షేమ అధికారి ఆఫీసు ఎక్కడో చెప్పి, అక్కడి సంక్షేమ ఉద్యోగికి ఒక ఫోను కొడతాడు. రికార్డ్ ఆఫీసుకు ఏ కాగితాలు ఏ వరసలో పెట్టాలో తెల్లకాగితం మీద రాసిస్తాడు. పది నిమిషాల పని. దానితో ఆగిపోయిన బతుకు కదులుతుంది.

గల్వాన్‌లో 2020 జూన్ 15న నేలకొరిగిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం అండగా నిలిచింది. ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. అలా చెయ్యడం బాగుంది. ఉస్మానియాలో చదువుకున్న మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న ద్రాస్‌లో ప్రాణమిచ్చి మహావీర్ చక్ర పొందారు. అలాంటివాళ్ళను మనం మరవం, మరవకూడదు కూడా. కానీ సైనిక కుటుంబాలు అనే మాటలో నూటికి తొంభై తొమ్మిది వంతులు ఆ లచ్చవ్వలే. వాళ్ళకు కావలసింది బిరుదూ కాదు, సభా కాదు. తమ కాగితం చదవగలిగిన ఒక మనిషి.

ఇంకో సంగతి, సెలవు. జవానుకి ఏడాదికి అరవై రోజుల వార్షిక సెలవు, ముప్పై రోజుల క్యాజువల్ సెలవు. వినడానికి చాలానే అనిపిస్తుంది. సరిహద్దు నుంచి ఇంటికి రావడానికే నాలుగు రోజులు, పోవడానికి నాలుగు. ఊళ్ళో భూమి కబ్జా అయిందనో, పాస్‌బుక్‌లో పేరు మారిపోయిందనో వస్తాడు. తెలంగాణలో 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినప్పుడు, ఊళ్ళో ఉన్నవాళ్ళే తమ రికార్డు సరిచూసుకోలేక తిప్పలు పడ్డారు. లేహ్‌లో ఉన్నవాడి సంగతి చెప్పాలా? స్టేషన్‌కి పోతే వినిపించే మాట మనందరికీ కంఠతా వచ్చు. ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పొండి. లేకపోతే, సార్ బందోబస్తులో ఉన్నారు, సోమవారం రండి. మనకు సోమవారం అంటే మూడు రోజులు. అతనికి అది సెలవులోంచి కోసి ఇచ్చే ముక్క. బల్ల దగ్గర ఉన్నవాడు ఫౌజీ అయితే మొదటి ప్రశ్నే వేరుగా ఉంటుంది. "లీవు ఎన్ని రోజులుందన్నా?" ఆ తర్వాతే, ఏమైందని.

ఆపైన చట్టం ఉంది. అది ఉన్నదని కూడా చాలామందికి తెలియదు. 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యాల చట్టం. యుద్ధ పరిస్థితుల్లోనో, అలాంటి ప్రత్యేక విధుల్లోనో ఉన్న జవాను కోర్టుకు రాలేకపోతే, అతని వెనక తీర్పు పడిపోకుండా విచారణ ఆపడానికి ఇందులో వీలుంది. కలెక్టర్ కోర్టుకు ఆ సంగతి తెలియజేయవచ్చు. 1950 సైనిక చట్టం 32వ సెక్షన్ ప్రకారం సెలవు మీద వచ్చిన సైనికుడి కేసును కోర్టు వీలైనంత ముందుకు తీసుకోవాలి. 29వ సెక్షన్ ప్రకారం అప్పు బాకీకి అతణ్ణి అరెస్టు చెయ్యకూడదు. జవాను తన తరఫున దావా నడపడానికి ఇంట్లోవాళ్ళకు అధికారమివ్వడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఏకంగా ఒక ఆర్డరే ఉంది, ఇరవై ఎనిమిదోది. 2025 జూలైలో జాతీయ న్యాయసేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన అని మొదలుపెట్టి, సైనిక సంక్షేమ బోర్డుల్లో ఉచిత న్యాయ సలహా కేంద్రాలు పెట్టమన్నది. అంటే సరుకంతా ఉంది. దారి చూపే మనిషే లేడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మాజీ సైనికుడు కదా అని ప్రతి తగాదాలోనూ ఫౌజీ పక్షాన నిలబడితే పనికిరాదు. జవాను భార్య కూడా సైనిక కుటుంబమే. రెండేళ్ళుగా డబ్బు పంపడం లేదని ఏడుస్తూ వచ్చిన అమ్మాయికి "సర్దుకుపో తల్లీ, వాడు దేశం కోసం ఉన్నాడు" అని చెప్పేవాడు ఆ బల్ల దగ్గర ఉండకూడదు. ఆమెకు చెప్పాల్సిన మాట వేరు. కోర్టు, ఏళ్ళ తరబడి వాయిదాలు, ఇవన్నీ పడకుండానే భర్త కమాండింగ్ ఆఫీసరుకు దరఖాస్తు పెట్టవచ్చు. విచారించి జవాను జీతంలోంచే భార్యకు 22 శాతం దాకా, పిల్లలతో కలిపి 33 శాతం దాకా కోసి పంపే ఏర్పాటు సైన్యంలోనే ఉంది. ఇది తెలిసినవాడు, తెలిసి చెప్పేవాడు, నా లెక్కలో అసలైన ఫౌజీ. అలాగే క్యాంటీన్ మందు బయట అమ్ముతూ దొరికిన మాజీ సహచరుడి విషయంలో "మనోడే కదా" అన్నాడంటే, ఆ రోజే అతణ్ణి అక్కడి నుంచి మార్చెయ్యాలి.

మోసాల సంగతి త్వరగా చెప్పేస్తాను, మీరూ విని ఉంటారు. పాత సామాన్లు అమ్మే యాప్‌లో ఒక స్కూటరు. యజమాని ఆర్మీలో ఉన్నాడట, బదిలీ అయిందట, చవగ్గా ఇస్తాడట. యూనిఫారంలో ఫోటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు అన్నీ పంపుతాడు. డబ్బు వేశాక ఫోను కలవదు. సైన్యం మీద మనకున్న నమ్మకాన్నే పెట్టుబడిగా పెట్టిన దొంగతనం ఇది. యూనివర్సిటీ హాస్టళ్ళ పిల్లలు, కొత్తగా ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు దీనికి తేలిగ్గా దొరుకుతారు. మాజీ జవాను ఆ కార్డు చూడగానే చెబుతాడు, ఈ నంబరు ఈ ర్యాంకుకి ఉండదు, ఈ రెజిమెంటు ఆ ఊళ్ళో లేదు అని. అదే దొంగలు ఇప్పుడు మాజీ సైనికుల మీద కూడా పడ్డారు. పెన్షన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాయి కదా. "మీ లైఫ్ సర్టిఫికెట్ పడలేదు, ఓటీపీ చెప్పండి, లేకపోతే పెన్షన్ ఆగిపోతుంది" అని ఫోను. గ్రెనేడుకు భయపడని మనిషి పెన్షన్ ఆగుతుందంటే భయపడతాడు. అలా పోగొట్టుకున్నవాళ్ళు వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మరి మన పోలీసు శాఖ మాజీ సైనికుల్ని ఏం చేస్తోంది? రెగ్యులర్‌గా చేరినవాళ్ళు కాక, స్పెషల్ పోలీస్ ఆఫీసర్లని కాంట్రాక్టు మీద తీసుకుంటున్నారు. వాళ్ళను ఎక్కడ చూస్తున్నాం? ఎండలో ట్రాఫిక్ దగ్గర, గేట్ల దగ్గర, బారికేడ్ల దగ్గర. పదిహేనేళ్ళు వైర్‌లెస్ సెట్లు బాగుచేసినవాడూ అక్కడే, యూనిట్ ఆఫీసులో రికార్డులు రాసినవాడూ అక్కడే. నిలబడగలడు గనక నిలబెట్టారు. తెలివిని వదిలేసి కాళ్ళను మాత్రం జీతానికి తీసుకున్నట్టుంది నాకు. ఆ ఉద్యోగం తక్కువదని కాదు, ఆ మనిషిని సగమే వాడుకుంటున్నామని నా ఫిర్యాదు.

బ్రిటన్‌లో 2011లో సైనికులకూ సమాజానికీ మధ్య ఒక ఒడంబడిక రాసుకున్నారు. సైన్యంలో పనిచేసినందువల్ల ఎవరూ ప్రభుత్వ సేవల్లో నష్టపోకూడదన్నది దాని సారం. 2021లో చట్టం ద్వారా కొన్ని స్థానిక సంస్థలకు దాన్ని విధిగా పెట్టారు. అక్కడి పోలీసు దళాలు కొన్నింటిలో సైనిక కుటుంబాల పని చూడటానికి ఒకరిని పెట్టుకున్నారు. అమెరికా 2012లో పోలీసు నియామకాలకు ఇచ్చిన కేంద్ర నిధులతో వచ్చే కొత్త ఉద్యోగాల్లో మాజీ సైనికుల్నే తీసుకోవాలని షరతు పెట్టింది. మనం అమెరికాను చూసి నేర్చుకోవాలని కాదు. మనకు సైనిక సంక్షేమ శాఖ ఉంది, చట్టం ఉంది, స్టేషన్లో మనిషీ ఉన్నాడు. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు.

త్వరపడాల్సిన కారణం ఒకటి వస్తోంది. తార్నాక నుంచి నాలుగైదు కిలోమీటర్లలో సికింద్రాబాద్ రైల్వేస్టేషన్. 2022 జూన్ 17న అక్కడ రైళ్ళు తగలబడ్డాయి. అగ్నిపథ్ పథకం వద్దని వచ్చిన కుర్రవాళ్ళు వాళ్ళు. చాలామంది ఫిజికల్, మెడికల్ పాసై, రాతపరీక్ష కోసం చాలాకాలం ఎదురుచూసినవాళ్ళు. కాల్పుల్లో వరంగల్ జిల్లా కుర్రవాడు దామెర రాకేశ్ చనిపోయాడు. ఎఫ్‌ఐఆర్‌లో పేరున్నవాడు సైన్యంలో చేరలేడని రెండు రోజులకే ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. పోలీసు వెరిఫికేషన్ కాగితం మీద ఒక కుర్రవాడి భవిష్యత్తు ఎలా వేలాడుతుందో ఆ రోజు ఈ ఊరు చూసింది.

ఆ పథకంలో చేరినవాళ్ళు నాలుగేళ్ళకు బయటికొస్తారు. నూటికి ఇరవై అయిదు మందినే సైన్యం ఉంచుకుంటుంది. ఆర్మీలో మొదటి బ్యాచ్ శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. నాలుగేళ్ళు కలుపుకోండి. వాళ్ళకు పెన్షన్ లేదు, మాజీ సైనికుడనే హోదా లేదు, క్యాంటీన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ వైద్యం లేదు. చేతిలో సేవానిధి సొమ్ము, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసు. కేంద్ర సాయుధ బలగాల్లో 2022లో పది శాతం అన్నారు. ఉత్తరప్రదేశ్ తన పోలీసు నియామకాల్లో 20 శాతం ఇస్తామని 2025లో నిర్ణయించింది. వాళ్ళలో చాలామంది మళ్ళీ ఉస్మానియా గ్రౌండ్‌లోనే పరుగు పెడతారు, ఈసారి ఖాకీ కోసం. వాళ్ళను కానిస్టేబుళ్ళుగా తీసుకోవడం ఒక పని. తీసుకున్నాక వాళ్ళకు మొదటి ఆరునెలలు క్యాంపస్ అంటే ఏమిటో, గుంపు వేరు శత్రువు వేరని ఎలా చూడాలో నేర్పడం మరో పని. దాన్ని నేర్పగలిగింది ఆ దారిలో ముందే నడిచిన పాత ఫౌజీలే. పుస్తకాలతో వచ్చే పాఠం కాదది.

చదువు మాటొచ్చింది గనక ఒక చిన్న సంగతి. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పుట్టింది. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి అంతకుముందు ఉస్మానియా వైస్ ఛాన్సలర్. బంకర్లో కూర్చుని డిగ్రీ చదివిన జవాన్లూ, నైట్ డ్యూటీలో చదివిన కానిస్టేబుళ్ళూ ఆ చలవతో ముందుకొచ్చినవాళ్ళే. ఉస్మానియా దూరవిద్య కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. న్యాయశాస్త్ర కళాశాల ఆ క్యాంపస్‌లోనే ఉంది. దాని విద్యార్థులు వారానికి ఒక పూట తార్నాక చుట్టుపక్కల స్టేషన్లలో ఒక ఫౌజీ కానిస్టేబుల్ పక్కన కూర్చుని ఆ అఫిడవిట్లు, ఆ దరఖాస్తులు రాసిపెడితే ఎవరికీ పైసా ఖర్చు లేదు. పిల్లలకు చట్టం చేతికి తెలుస్తుంది. లచ్చవ్వకు పెన్షన్ వస్తుంది. పోలీసూ విద్యార్థీ ఒకే బల్లకు ఒకే వైపు కూర్చోవడం ఆ క్యాంపస్‌కు కొత్త అనుభవం కూడా అవుతుంది.

పోలీసు అధికారులకు నా విన్నపం ఇంతే. కంటోన్మెంటు చుట్టూ, తార్నాక, లాలాగూడ, మల్కాజిగిరి, నేరేడ్‌మెట్ వైపు స్టేషన్లలో మాజీ సైనికుడైన సిబ్బంది ఎవరున్నారో లెక్క తీయండి. ఒక్కో స్టేషన్లో ఒకరిని సైనిక కుటుంబాల పనికి పెట్టి, పేరూ ఫోన్ నంబరూ గోడ మీద రాయండి. కొత్త పోస్టు అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు.

ఇక వింటున్న మాజీ సైనికులకు, వాళ్ళ ఇల్లాళ్ళకు ఒక మాట. ఈ వారమే డిస్చార్జ్ బుక్, పెన్షన్ ఆర్డరు, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ, పిల్లల పేర్లు మూడింటిలోనూ ఒకేలా ఉన్నాయా? బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉందా? తేడా ఉంటే ఆయన బతికుండగానే, ఆయన సంతకంతోనే సరిచేయించండి. జిల్లా సైనిక సంక్షేమ అధికారి ఆఫీసులో ఆ పనికి ఫీజు లేదు. దళారికి ఒక్క రూపాయి ఇవ్వకండి.